నలుగురూ పారిపోయిన పుస్తకం

చెన్నమ్మ కుట్టిన పుస్తకాన్ని లాగి చింపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఈ మాట ఊళ్లోవాళ్లు అన్నది కాదు, చెన్నమ్మే అన్నది. అడిగినవాళ్లతో ఒకసారి, అడగనివాళ్లతో రెండుసార్లు. జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ఆమె అరుగు మీద పొద్దున్నే మైదా ఉడికేది. పురుగు పట్టకుండా దాంట్లో చిటికెడు మైలుతుత్తం కలిపి, చల్లారాక కాస్త తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసి, మనసుకు నచ్చితేనే అట్ట ముట్టుకునేది. నచ్చకపోతే మొత్తం పారబోసి మళ్లీ ఉడికించేది. పిండి దండగ అని పక్కింటివాళ్లు గొణిగినా చెవిన పెట్టేది కాదు.

బస్టాండు ఎదురుగా మదన్‌మోహన్‌కు అద్దె పుస్తకాల షాపు ఉంది. ఆ ఏడు చెరకు ఆడే రోజుల్లో అతను ఆమెకు ఒక మూట పంపించాడు. నాలుగు బొమ్మల కథల పుస్తకాలు, నాలుగూ విడిపోయినవే. చెరకు బండ్లవాళ్ల చేతుల్లో, లారీల సీట్ల కింద, చాయ్ గ్లాసుల అడుగున నలిగి నలిగి వాటి మూలలు అరిగిపోయాయి. పేజీల అంకెలు మూలలతోపాటే రాలిపోయాయి. నాలుగూ కలిపి ఒక్క గట్టి పుస్తకంగా కుట్టమని కబురు.

చెన్నమ్మది హుమ్నాబాద్ వైపు. కన్నడం చక్కగా చదువుతుంది. తెలుగులో మాట్లాడుతుంది, బేరమాడుతుంది, అవసరమైతే పోట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. అది ఆమెకు ఏనాడూ అడ్డం రాలేదు, ఎందుకంటే పుస్తకాలను ఆమె చదివి కుట్టేది కాదు, చూసి కుట్టేది. మామ ఆమెకు నేర్పింది కచేరీ దస్తరాల పని. చెదిరిపోయిన దస్తరం చేతికొస్తే ముందు కాయితాలను జాతులవారీగా విడదీయాలి. అర్జీలు ఒక చోట, పంచనామాలు ఒక చోట, హుకుంలు ఒక చోట. ఆ తరువాతే సూది. ఇరవై ఏళ్లుగా ఆమె చేతులకు వేరే పద్ధతి తెలియదు.

బొమ్మల కాయితాలను కూడా అలాగే విడదీసింది. ప్రతి కథలోనూ మొదట ఒక దుర్మార్గుడు జైలు నుంచి పారిపోతున్నాడు కాబట్టి పారిపోయే కాయితాలు ఒక చోట పెట్టింది. బ్యాంకులు కొల్లగొట్టడం, రైళ్లు ఆపడం, కట్టలు తెంచడం ఇంకో చోట. రంగురంగుల బిగుతు బట్టలు తొడుక్కుని ఆకాశంలో ఎగిరే వీరులు మరో చోట. ఆఖరున దుర్మార్గుడు మళ్లీ ఊచల వెనక కూలబడే కాయితాలు నాలుగు మిగిలాయి, అవి అడుగున. జైలు నాలుగింట్లోనూ ఒక్కలాగే ఉంది. అదే నల్లగోడ, అవే ఊచలు, మూలన అదే కుండ. ఒక్కటే జైలు, నలుగురు దొంగలు, పెద్ద కథ అని నిర్ధారణ చేసుకుంది. ఎవరో మతిలేనివాళ్లు కాయితాలను చిందరవందర చేశారు గానీ కథ ఎంత సాఫుగా ఉందో అనుకుని ముచ్చటపడింది కూడా. మైనం రాసిన దారంతో ఏడు రంధ్రాల కుట్టు వేసి, వీపుకు నల్లగుడ్డ అంటించి, రాత్రంతా రాయి కింద పెట్టి, మర్నాడు షాపుకు పంపించింది.

పదిరోజులకు పిలుపు వచ్చింది.

షాపులో మదన్‌మోహన్ బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, ముక్కు మీద కోపం. బల్లకు ఇవతల బీదర్ బస్సు కోసం వచ్చినవాళ్లు నలుగురైదుగురు పుస్తకాలు తిరగేస్తున్నారు. వాళ్లు వింటున్నారని తెలిసే అతను గొంతు పెంచాడు. రాగిముఖం అనే దొంగ కథలోకి వేరే కథలో దొంగ పొగమనిషి ఎలా వచ్చాడన్నాడు. తేళ్ల డాక్టరును పట్టుకోవాల్సిన వీరుడు కొరడా రాణి ఊళ్లో ఏం చేస్తున్నాడన్నాడు. మూడు ఇండ్లవాళ్లు చదవలేక తిప్పి పంపారని, నాలుగు మంచి కథలు నాశనమయ్యాయని చెప్పాడు.

చెన్నమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"ఒక్క కాయితం తక్కువుంటే చెప్పు సేటూ. ఒక్క కుట్టు ఊడితే చెప్పు."

"కుట్టు ఎవనికి గావాలె? కథ గావాలె. చదువు రానిదానికి పుస్తకాలు ఇచ్చుడు నాదే తప్పు."

బస్సు కోసం వచ్చినవాళ్లలో ఒకాయన చిన్నగా నవ్వాడు. చెన్నమ్మ అతని వైపు చూసింది. అతను నవ్వడం మానేసి పుస్తకంలోకి ముఖం దించుకున్నాడు. అయినా ఆ నవ్వు ఆమెకు తగిలింది. ఇంతకాలంలో ఆమె పనిని చూసి నవ్వినవాళ్లు లేరు.

అసలు మాట మదన్‌మోహన్ తరువాత చెప్పాడు. బీదర్‌లో కుట్టు మెషిన్ వచ్చిందట. సోమవారం నుంచి బైండింగు మొత్తం అక్కడికే పోతుంది. ఈ ఒక్క పుస్తకాన్ని మాత్రం విప్పి, నాలుగు కథలు నాలుగు పుస్తకాలుగా సరిచేసి ఇచ్చి, దండం పెట్టి పొమ్మన్నాడు. పుస్తకం న్యాల్‌కల్ చెరకు బండ్లవాడు బస్వరాజ్ దగ్గర ఉందని, ఫ్యాక్టరీకి పోయి తెచ్చుకోమని చెప్పి వేరే గిరాకీ వైపు తిరిగాడు.

కచేరీలు అచ్చు రిజిస్టర్లు కొనడం మొదలుపెట్టాక చెన్నమ్మకు మిగిలింది ఈ షాపు పని ఒక్కటే. ఇది కూడా పోతే ఆ అరుగు మీద ఇక మైదా ఉడకదు. అల్లం కడిగే షెడ్డులో కూర్చోవాలి, లేదా కొడుకు ఇంట్లో కోడలి వెనక నిలబడాలి. రెండూ తనకు కుదరవని ఆమెకు బాగా తెలుసు. అయినా దారిపొడవునా ఆమె మనసులో తిరిగింది ఒక్కటే మాట. నేను తప్పు కుట్టలేదు. ఆ బండ్లవాడి చేతే చదివించి, ఎక్కడ తప్పుందో చూపించమని ఈ సేటును నలుగురిలో అడుగుతాను.

చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్ల వరుస బొంబాయి రోడ్డు పక్కన మైలు దూరం సాగింది. లోపలికి పోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఎద్దులను విప్పి చెరకు ఆకు ముందు వేసి, కాడి కింద గోనెలు పరుచుకుని మనుషులు కాలం గడుపుతున్నారు. కొందరు నిద్ర, కొందరు చుట్ట. ఒక బండి దగ్గర మాత్రం ముప్పై నలభై మంది గుమిగూడి ఉన్నారు. చెరకు మోపుల మీద కాళ్లు వేలాడదీసుకుని ముప్పై ఏళ్ల మనిషి ఒకడు కూర్చున్నాడు. అతని ఒళ్లో ఉన్న నల్లవీపు పుస్తకాన్ని చెన్నమ్మ యాభై గజాల నుంచే గుర్తుపట్టింది.

బస్వరాజ్ ఒక్కో కాయితం తిప్పి, బొమ్మను అందరివైపూ తిప్పి చూపించి, మళ్లీ తనవైపు తిప్పుకుని చదువుతున్నాడు.

"రాగిముఖపోడు ఈ గోడకు, పొగమనిషి ఆ గోడకు. నడుమ ఇటుక. రాగిముఖపోడు గోడ మీద మూడుసార్లు కొట్టిండు. ఎవర్రా అవతల అంటే, నేను గూడ నీ అసుంటోన్నే అన్నడు పొగమనిషి. ఎట్ల పోదామంటవ్ అంటే, ఒక్కన్ని పోతె ఒక్క పూటకే దొరుకుత, నలుగురం పోతె నాలుగు దిక్కులు ఎతకాలె గద అన్నడు."

జనం నవ్వారు. ముందు వరుసలో కూర్చున్న ముసలి రైతు వీరప్ప నవ్వలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగి, ఆ డాక్టరు దగ్గర తేళ్లున్నాయి గదా, తాళం సంగతి అతను చూసుకోవాలని సలహా చెప్పాడు. బస్వరాజ్ తరువాతి కాయితం తిప్పాడు. సరిగ్గా అక్కడ తేళ్ల డాక్టరు తాళం ముందు వంగి ఉన్నాడు. వరుస మొత్తం హో అంది.

చెన్నమ్మ బండి చక్రానికి ఆనుకుని చివరిదాకా విన్నది. నలుగురూ పారిపోవడం, రైలు ఆపడం, వీరులు ఒక ఊళ్లో వెతుకుతుంటే వీళ్లు ఇంకో ఊళ్లో తేలడం, చివరకు నలుగురూ దొరికిపోయి ఆ నల్లగోడ వెనక కూలబడటం. ఆఖరి కాయితాలకు వచ్చేసరికి జనం నెమ్మదించారు. వీరప్ప ఉమ్మేసి లేచిపోయాడు. ఎప్పుడూ గింతేనా అన్నాడు ఎవరో. చెన్నమ్మకు మాత్రం ఒళ్లు పులకరించింది. నలభై మంది విన్నారు, ఎక్కడా అతుకు కనపడలేదు. ఆమె ముందుకు వచ్చి, ఈ పుస్తకం కుట్టింది తనేనని గట్టిగా చెప్పి, ఇందులో తప్పేముందో నువ్వే చెప్పు తమ్మీ అని బస్వరాజ్‌ను అడిగింది.

బస్వరాజ్ ముఖంలో నవ్వు తగ్గింది. మోపుల మీద నుంచి దిగి, ఆమెను బండి అవతలి పక్కకు తీసుకుపోయాడు.

"అక్కా, కోపం చెయ్యకు. దీంట్ల రాసింది ఒకటి, నేను సదివేది ఒకటి."

అతను వేలు పెట్టి చూపించాడు. ఈ జైలు మీద ఒక పట్నం పేరు రాసి ఉంది, ఆ జైలు మీద ఇంకో పట్నం పేరు. రాగిముఖం మాట్లాడేది జైలరుతో, పొగమనిషితో కాదు. అవి నాలుగు వేరే వేరే కథలు. మొదటిసారి చదివితే ఎవరికీ అర్థం కాలేదు. బొమ్మలు మాత్రం ఒకదాని వెనక ఒకటి వరుసగా నడుస్తున్నట్టున్నాయి. అందుకని రాసిన మాటలు వదిలేసి, బొమ్మలు ఏం చెబితే అది తన నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఐదోసారి చదవడం. మళ్లీ మళ్లీ అడుగుతున్నారు.

చెన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. సేటు చెప్పింది నిజమే. అతను చెప్పిన తీరు అన్యాయం, చెప్పిన సంగతి నిజం. రెండూ ఒక్కసారే నిజం కావడం ఆమెకు మింగుడు పడలేదు. కాసేపు ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది.

తరువాత కూర్చుంది. పెన్సిలుందా అని అడిగింది. బస్వరాజ్ మోపుల చిట్టీ రాసే పెన్సిలు ముక్క తీశాడు. ఒక్కో కాయితం చదివి అది ఏ కథలోదో, ఎన్నోదో చెప్పమంది. అతను చెప్పగానే అతని చేతే కింది అంచున సన్నగా అంకె వేయించింది. పనిలో పనిగా నాలుగు కథలూ మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుంది. కొరడా రాణి దొంగ ఎందుకయిందో విని అయ్యో అనుకుంది. పొగమనిషి ఉత్త తిక్కలోడని తేల్చేసింది. ఆ మధ్యాహ్నం బండ్లు రెండు బారలు మాత్రమే ముందుకు జరిగాయి.

పుస్తకం తీసుకుని పోతుంటే వీరప్ప అడ్డం వచ్చి, మళ్లీ ఎప్పుడు తెస్తావని అడిగాడు. ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని ముందుకు నడిచింది.

తన కుట్టును తానే విప్పడం చెన్నమ్మకు అదే మొదటిసారి. ఇద్దరు మనుషులు కావాలని ఊరికే అనలేదు మరి. బ్లేడు ముక్కతో దారాన్ని పోగు పోగుగా తెంపి, అంటుకున్న వీపు గుడ్డను తడిబట్టతో నానబెట్టి, కాయితం చిరగకుండా వేలిగోటితో లేపింది. ఒక పూట పట్టింది. తరువాత పెన్సిలు అంకెల ప్రకారం నాలుగు పుస్తకాలు కుట్టింది. పలచని పుస్తకాలే అయినా ఏడు రంధ్రాల కుట్టే వేసింది. నాలుగు రంధ్రాలు చాలునని ఆమెకూ తెలుసు.

శనివారం వాటిని మదన్‌మోహన్ బల్ల మీద పెట్టింది. ఆ రోజు కూడా గిరాకీ నిండుగా ఉంది. ఆమె గొంతు తగ్గించలేదు.

"తప్పు నాదే సేటూ. నాలుగు కతలు ఒక్కటనుకున్న. ఇప్పుడు సరిగున్నయ్, చూసుకోండ్రి."

మదన్‌మోహన్ ఇలాంటి మాటకు సిద్ధంగా లేడు. నాలుగూ తిరగేశాడు. ఎక్కడా వంక దొరకలేదు. సరే మంచిది అని, అయినా బీదర్ మాట బీదర్‌దేనని, అక్కడ మాట ఇచ్చేశానని చెప్పాడు. చెన్నమ్మ ఇంకేమీ అడగలేదు. తప్పు ఒప్పుకోవడం వేరు, బతిమాలడం వేరు. మొదటిది ఆమె చేసింది, రెండోది ఆమెకు రాదు. ఇంటికి వచ్చి గిన్నె తోమి బోర్లించింది. ఆదివారం పొద్దున అరుగు మీద మైదా ఉడకలేదు. సందులో మనుషులు ఆ వాసన లేకపోవడం గమనించారు గానీ ఎవరూ అడగడానికి సాహసించలేదు.

సోమవారం పొద్దెక్కాక మదన్‌మోహన్ స్వయంగా సందులోకి వచ్చాడు. చంకలో నాలుగు పుస్తకాలు. అతను ఈ సందులో అడుగు పెట్టడం ఇదే మొదలు. ఎక్కడ కూర్చోవాలో తెలియక, చివరకు అరుగు అంచున చొక్కా నలగకుండా కూర్చున్నాడు.

చెన్నమ్మ బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తలేదు.

అతను దగ్గాడు. బండ్లవాళ్లు పదిహేను మంది షాపు ముందు నిలబడి ఉన్నారని చెప్పాడు. నాలుగు పుస్తకాలు ఇస్తే చూసి, ఇవి కావు, నలుగురు కలిసి పారిపోయింది కావాలన్నారట. ఇవే నాలుగూ కలిపి చదువుకోండి అంటే నవ్వారట. నవ్వారు అనేటప్పుడు అతని గొంతు కొంచెం తగ్గింది. చెన్నమ్మ అప్పుడు తలెత్తి చూసింది.

"మల్ల మునుపటి లెక్కనే కుట్టియ్యి చెన్నమ్మా," అన్నాడు.

"బీదర్‌ల మెషినుంది గద."

"మెషిన్ ఇచ్చింది ఇచ్చినట్టు కుడ్తది. గిట్ల కుట్టరాదు దానికి."

చెన్నమ్మ చాటను పక్కన పెట్టింది. ఆమె గొంతులో గెలిచిన సంబరం లేదు, పని మాట్లాడుకునే నిదానమే ఉంది. షాపు బైండింగు ఇక్కడే ఉండాలి. బొమ్మల పుస్తకాల్లో ఏ కాయితం ఏ చోట పోవాలో తను చెప్పిందే మాట. ఈ రెండింటికీ అతను తలూపాడు. మూడోది ఆమె అతని ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"చదువు రానిది అన్నవ్ మంది ముంగట. నాకు కన్నడం వస్తది. తెలుగు రాదు. గది మంది ముంగటనే చెప్పాలె నువ్వు."

చెప్తా అన్నాడు మదన్‌మోహన్. చొక్కా చేతులు పైకి మడిచి, మూలన ఉన్న బరువురాయిని తనే ఎత్తి తెచ్చి ఆమె అట్టలు కోసే పలక పక్కన పెట్టాడు. రాయి చొక్కాకు మరక చేసింది. అతను అది తుడుచుకోలేదు.

మైదా ఉడికింది. చెన్నమ్మ నాలుగు పుస్తకాలూ విప్పి కాయితాలను అరుగంతా పరిచింది. ఇప్పుడు ఆమెకు ఎవరు ఎవరో తెలుసు. చేయి ఒక్కో కాయితం దగ్గర ఆగి ఆగి కదిలింది. కొరడా రాణిని రాగిముఖం కంటే ముందు బయటకు పంపింది, ఎందుకంటే ఆమెకు తొందర ఎక్కువ. రైలు ఆపిన కాయితం తీసి కట్ట తెగిన కాయితం వెనక పెట్టింది. అంతకుముందు చేతులకు అలవాటై చేసిన పని ఇప్పుడు కావాలని చేస్తోంది. లోపల ఒక ఉత్సాహం పుట్టింది, అది ఆమెకు కొత్త. ఆఖరున నాలుగు కాయితాలు మిగిలాయి. ఒక పక్క జైలు, వెనక పక్క బిస్కెట్ల ప్రకటన.

ఇవెక్కడ అని మదన్‌మోహన్ అడిగాడు. వాటికి వేరే చోటుంది, నువ్వు షాపుకు పో అంది చెన్నమ్మ. అతను పోయాడు. ఒందు, ఎరడు, మూరు, నాల్కు అని కన్నడంలో లెక్కపెట్టి ఆమె వాటిని ఒడిలో పెట్టుకుంది.

బుధవారం నాడు బస్వరాజ్ రెండో విడత చెరకుతో మళ్లీ వరుసలో ఉన్నాడు. చెన్నమ్మ పుస్తకాన్ని తనే పట్టుకుపోయింది. దారిలో షాపు ముందు ఆగింది. మదన్‌మోహన్ గిరాకీ అందరూ వినేలా, ఈమెకు కన్నడం చదువు వచ్చని, నాలుగు కథలను ఒక్క కథ చేసింది ఈమేనని చెప్పాడు. చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట మింగలేదు. చెన్నమ్మ తలూపి ముందుకు నడిచింది.

బస్వరాజ్ పుస్తకం అందుకుని అటూ ఇటూ తిప్పాడు. కాయితాలకు అంకెలు వేసింది తనే కాబట్టి ఎన్నుండాలో అతనికి తెలుసు. చివర తీసి చూసి, దగ్గరికి వంగి, నాలుగు తక్కువున్నయ్ అక్కా అని గుసగుసగా అన్నాడు.

చెన్నమ్మ వెనక అట్ట మీద వేలి కణుపుతో కొట్టింది. అట్ట మామూలు కంటే మందంగా పలికింది. జైలు కాయితాలు నాలుగూ మైదాతో ఒకదాని మీద ఒకటి అతికించి, అట్టలోపల పొరలుగా వేసి, పైన నల్లగుడ్డతో మూసేసింది.

"ఒక్కటి గూడ పోలే. జైలు అట్ట లోపట ఉన్నది, దొంగలు బైటున్నరు."

బస్వరాజ్ మోపుల మీదికి ఎక్కి కూర్చున్నాడు. ముందటి బండ్ల నుంచి, వెనక బండ్ల నుంచి మనుషులు వచ్చి చేరారు. వీరప్ప తన చోట తను కూర్చుని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి. తాళం తెరుచుకుంది. కట్ట తెగింది, రైలు ఆగింది, వీరులు ఆకాశంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఎగిరి ఎగిరి అలిసిపోయారు. చెన్నమ్మ ఈసారి చక్రానికి ఆనుకోలేదు. ముందు వరుసలో, వీరప్ప పక్కన గోనె మీద కూర్చుంది.

ఆఖరి బొమ్మలో పొగమనిషి వీపు ఒక్కటే కనిపిస్తుంది, ఒక దారి, దూరంగా కొండ. బస్వరాజ్ ఆ కాయితం తిప్పాడు. అవతల తెల్లకాయితం, దాని అవతల అట్ట. ఎవరూ కదలలేదు. అందరూ ఆ నల్లగోడ కోసం ఎదురుచూస్తున్నారు.

"మల్ల దొరికిన్రా?" అన్నాడు వీరప్ప.

బస్వరాజ్ పుస్తకం మూసి చెన్నమ్మ వైపు చూశాడు. అతనితోపాటు అందరూ అటే చూశారు.

"దొరకలే," అంది చెన్నమ్మ.

వీరప్ప ఆమెను తేరిపార చూశాడు. ఆమె నిజమే చెబుతోందని నమ్మకం కుదిరాక, రొంటిన దోపుకున్న చుట్ట తీసి, తీరిగ్గా వెలిగించుకున్నాడు. ముందు ఎక్కడో గేటు తెరిచినట్టున్నారు, బండ్లు కదిలాయి. మనుషులు లేచి తమ తమ ఎద్దుల దగ్గరికి పోయారు.